పిల్లలకి బేదులు పట్టుకుంటే: ఓఆర్‌ఎస్ ఎలా కలపాలి, ఎలా తాగించాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

వానలు మొదలైన దగ్గర్నుంచి నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న ఒక్కటే. "అక్కా, పాపకి పొద్దున్నుంచి ఆరుసార్లు మోషన్ అయింది, ఓఆర్‌ఎస్ ఇస్తున్నాం, అయినా ఆగట్లేదు, ఏ సిరప్ వేయమంటావు?" మన విశాఖలో గాజువాక నుంచి అడిగినా, మధురవాడ నుంచి అడిగినా ఇదే మాట. 11 ఏళ్లు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి నన్ను అడుగుతారు, చెప్తాను, మళ్లీ వారం తిరక్కుండా ఇంకొకరు అదే అడుగుతారు. అందుకని అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఈ సంగతి తెలుసుకోండి. ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి) మోషన్స్ ఆపే మందు కాదు. మోషన్స్‌లో, వాంతుల్లో పోయిన నీళ్లని, ఉప్పుల్ని తిరిగి ఒంట్లోకి పంపే మార్గం అది. పేగు పాడైనప్పుడు కూడా చక్కెర, ఉప్పు సరైన పాళ్లలో వెళ్తే వాటితోపాటు నీళ్లు లోపలికి ఇంకుతాయి. అంతే దాని పని. మోషన్స్ వాటంతట అవే తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది, సాధారణంగా ఓ వారంలోపు సర్దుకుంటాయి, ఆ లోపల పిల్ల ఎండిపోకుండా చూసుకోవడమే మన పని. కాబట్టి "ఓఆర్‌ఎస్ ఇచ్చినా ఆగలేదు" అనేది అసలు ఫిర్యాదే కాదు. పిల్ల ఉచ్చ పోస్తోందా లేదా, అది చెప్పండి నాకు.

ఇంకోటి, బిడ్డకి ఇంకా 2 నెలలు నిండకపోతే ఇక్కడే ఆగిపోండి. ఇంట్లో ప్రయోగాలు వద్దు, తల్లిపాలు పడుతూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు, కనీసం మూడు. ప్యాకెట్ వెనక ఫార్ములా చదవండి: లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లెక్క. 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. ఆశా కార్యకర్తని అడిగితే, లేదా దగ్గర్లో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఉచితంగా ఇస్తారు.
- జింకు సిరప్ గానీ, నీళ్లలో కరిగే 20 మి.గ్రా. బిళ్లలు గానీ.
- మరిగించి చల్లార్చిన నీళ్లు. ఇంటికొచ్చేది రైవాడ రిజర్వాయరు కుళాయి నీళ్లైనా, బోరు నీళ్లైనా, షాపువాడు మోసుకొచ్చిన 20 లీటర్ల క్యానైనా సరే, తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచి దించండి.
- నీళ్లు కొలిచే పాత్ర, మూత ఉన్న గిన్నె, 5 మి.లీ. చెంచా లేదా సూది లేని సిరంజి.
- కాగితం, పెన్ను. నవ్వకండి, దీని అవసరం కిందకొస్తే తెలుస్తుంది.

మెడికల్ షాపులో "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే చాలాకాలం చాలామందికి చేతిలో పెట్టింది ఆపిల్, నారింజ రుచుల టెట్రా ప్యాకులు. వాటిలో ఎక్కువ భాగం ఓఆర్‌ఎస్ కాదు, తియ్యటి డ్రింకులు. చక్కెర ఎక్కువైతే పేగులోకి ఇంకా నీళ్లు లాగి మోషన్స్ పెంచుతుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ), ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద "ఓఆర్‌ఎస్" అన్న మాట వాడొద్దని ఆదేశించింది. అయినా పాత అలవాటు తొందరగా పోదు, షాపువాడికీ పోదు, మనకీ పోదు. మా చెల్లికి కూడా ఓసారి ఇలాగే అంటగట్టారు, ఇంటికొచ్చి గడ్డి పెట్టాను (చెల్లికే, షాపువాడికి కాదు). "పొడి ప్యాకెట్ ఇవ్వండి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" అని గట్టిగా అడగండి.

ఎలా చేయాలి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి, గిన్నె, చెంచా కడగండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

2. నీళ్లు కొలవండి. సగం మంది తప్పు చేసేది ఇక్కడే, అందుకని కొంచెం ఆగి చదవండి. ప్యాకెట్ మీద "1 లీటరు" అనుంటే 1 లీటరు నీళ్లే పోయాలి. మన ఇళ్లలో స్టీలు గ్లాసు ఒక్కోటి ఒక్కో సైజు, ఒకటి 200 పడితే ఇంకోటి 300 పడుతుంది, కాబట్టి "నాలుగు గ్లాసులు పోశానక్కా" అంటే నాకేం అర్థం కాదు. ఖాళీ 1 లీటరు వాటర్ బాటిల్ కడిగి ఉంచుకోండి, అదే మంచి కొలత. అదీ లేదంటే ఓ ఉపాయం ఉంది. రోజూ వచ్చే అరలీటరు పాల ప్యాకెట్లు రెండు గిన్నెలో పోసినప్పుడు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, గిన్నె బయట నెయిల్ పాలిష్‌తో గీత పెట్టేయండి. ఆ గీత దాకా నీళ్లు అంటే లీటరు.

3. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. లీటరు ప్యాకెట్ చింపి, ఒక చెంచా పొడి గ్లాసులో వేసి, మిగతాది మడిచి రబ్బరు బ్యాండ్ వేసి దాచడం చాలా ఇళ్లలో చూశాను. ప్యాకెట్లో ఉప్పు, చక్కెర సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు, మీరు తీసిన చెంచాలో ఉప్పే ఎక్కువ రావచ్చు. నీళ్లు తక్కువైతే కలిపింది చిక్కనై రక్తంలో సోడియం పెరిగిపోతుంది, పసిపిల్లలకి ఫిట్స్ కూడా రావచ్చు. నీళ్లు ఎక్కువైతే పని చేయదు. లీటరు ఎక్కువ అనిపిస్తే 200 మి.లీ. చిన్న ప్యాకెట్ కొనుక్కోండి, అంతేగానీ పెద్దదాన్ని పంచకండి.

4. పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పి, మీరో చెంచా రుచి చూడండి. కన్నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో అంత, లేదా కాస్త తక్కువ ఉండాలి. అంతకంటే ఉప్పగా ఉంటే కొలత తప్పింది, పారబోసి మళ్లీ కలపండి. పిల్ల తాగట్లేదని పంచదార, తేనె, పాలు, రసాలు కలపొద్దు. కలిపాక వేడి చేయొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇవ్వొచ్చు, కొంతమంది పిల్లలు అలాగైతేనే తాగుతారు. కలిపిన టైము కాగితం మీద రాయండి. 24 గంటలు దాటితే మిగిలింది కుండీలో పోయండి.

5. చెంచాతో తాగించండి. గ్లాసు నోటికి పెట్టి గటగటా తాగించారో, పది నిమిషాల్లో మీ చీర మీదే కక్కేస్తుంది. బాగా దాహంగా ఉన్న పిల్ల గ్లాసు లాక్కుంటుంది, అప్పుడు కూడా చిన్న గుక్కలే. లెక్క వేసి చూడండి, నిమిషానికో 5 మి.లీ. చెంచా అంటే గంటకి 300 మి.లీ. వెళ్తుంది. సెలైన్ ఎక్కించే సీసా మీద అందరికీ అంత నమ్మకం ఉంది గానీ, ఓపిగ్గా కూర్చున్న అమ్మమ్మ చేతిలో చెంచా చాలామంది పిల్లల్ని ఆ సూది పోటు నుంచి తప్పించింది. మా వార్డులో తల్లి అలసిపోతే తండ్రి, తండ్రి లేస్తే మామ్మ, ఇలా వంతులేసుకుని కూర్చోమనేవాళ్లం.

6. ఎంత ఇవ్వాలి? పల్చటి మోషన్ అయిన ప్రతిసారీ, 2 ఏళ్ల లోపు పిల్లలకి 50 నుంచి 100 మి.లీ., 2 ఏళ్లు దాటినవాళ్లకి 100 నుంచి 200 మి.లీ. మధ్యలో అడిగితే ఇంకా ఇవ్వండి. ఇది ఇంకా ఎండిపోని పిల్లకి. కళ్లు లోపలికి పోయి, చిరాకుగా ఉండి, ఆత్రంగా తాగుతుంటే అప్పటికే కొంత నీరు పోయిందన్నమాట. అలాంటప్పుడు కిలో బరువుకి 75 మి.లీ. చొప్పున 4 గంటల్లో ఇవ్వాలి, అంటే 8 కిలోల పిల్లకి 600 మి.లీ. ఇది ఆసుపత్రిలోనో ఆరోగ్య కేంద్రంలోనో వాళ్ల కళ్లముందు జరగాలి, దారి పొడుగునా ఆటోలో మాత్రం చెంచాతో పడుతూనే ఉండండి.

7. వాంతి అయితే 10 నిమిషాలు ఆగండి. తర్వాత ఇంకా నెమ్మదిగా, 2 లేదా 3 నిమిషాలకో చెంచా. "వాంతి అయిపోయింది కాబట్టి ఇచ్చిందంతా వేస్ట్" అనుకోకండి, చూడ్డానికి ఎక్కువలా ఉంటుంది గానీ తాగినదాంట్లో కొంత లోపల నిలుస్తుంది. వాంతుల సిరప్ డాక్టరు బరువు చూసి రాస్తేనే వేయండి. పక్కింటి బాబుకి రాసిన సీసా మీ పాపకి పనికిరాదు.

8. తిండి మానిపించొద్దు. ఇక్కడ పెద్దవాళ్లతో చిన్న యుద్ధం తప్పదు. "లంఖణం పరమౌషధం" అంటారు, "ఏటమ్మా, బేదులవుతుంటే నీళ్లిస్తావేటి, ఇంకా పల్చగా అయిపోవూ" అంటారు. వాళ్ల ప్రేమని తప్పు పట్టను, కానీ పసిపిల్లకి లంఖణం పెడితే నీరసంతోపాటు పేగు కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది. తల్లిపాలు తాగే బిడ్డకి ఇంకా ఎక్కువసార్లు పట్టండి. డబ్బా పాలు తాగేవాళ్లకి అవే పాలు, మామూలు పాళ్లలోనే, నీళ్లు ఎక్కువ పోసి పల్చగా కాదు. 6 నెలలు దాటినవాళ్లకి మెత్తగా కలిపిన పెరుగన్నం, ఇడ్లీ, పెసరపప్పు కిచిడీ, అరటిపండు, కొంచెం కొంచెంగా 3, 4 గంటలకోసారి. పెద్దవాళ్లని ఒప్పించడానికి నేను వాడే చిట్కా ఏంటంటే, గంజిలో చిటికెడు ఉప్పు వేసి, ఇది మీరు చెప్పినట్టే చేస్తున్నాం అత్తయ్యా అని చెప్పడం. గంజి నిజంగానే మంచిది, అబద్ధమేం కాదు.

9. జింకు మొదలుపెట్టండి. 2 నుంచి 6 నెలల వయసుకి రోజుకి 10 మి.గ్రా., 6 నెలలు దాటితే 20 మి.గ్రా., రోజుకోసారి, 14 రోజులు. బిళ్లని చెంచాడు తల్లిపాలలోగానీ నీళ్లలోగానీ కరిగించి ఇవ్వొచ్చు. సిరప్ అయితే 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉందో సీసా మీద చూడండి, అన్ని కంపెనీలదీ ఒకేలా ఉండదు. మూడో రోజుకి మోషన్స్ తగ్గగానే అందరూ జింకు ఆపేస్తారు. ఆపొద్దు. ఆ 14 రోజులూ వేస్తే తర్వాతి రెండు, మూడు నెలల్లో మళ్లీ ఇలా పట్టుకునే అవకాశం తగ్గుతుంది.

ప్యాకెట్ లేదు, రాత్రి రెండైంది, షాపులు మూసేశారు

1 లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లు, 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా పైన గుట్టలా కాకుండా సమంగా, కత్తి వెనక వైపుతో గీసినట్టు ఉండాలి. ఉప్పు విషయంలో చేయి జారితే ప్రమాదం, అందుకే ఇది తెల్లారేదాకా నెట్టుకురావడానికే, పొద్దున్నే ప్యాకెట్ తెచ్చేయండి. గంజి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, పప్పు కట్టు, చక్కెర కలపని కొబ్బరి నీళ్లు కూడా మధ్యమధ్యలో ఇవ్వొచ్చు. ఓఆర్‌ఎస్ ఉండగా దానికి బదులుగా కాదు. కూల్ డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, ఎండల్లో తాగే గ్లూకోజ్ పొడి, కాఫీ, టీ, ఇవేవీ వద్దు.

పని చేస్తోందో లేదో ఎలా చూడాలి

ఇక్కడికొచ్చింది కాగితం, పెన్ను పని. నాలుగు గళ్లు గీయండి: మోషన్, వాంతి, తాగింది ఎంత, ఉచ్చ. టైము వేసి రాసుకుంటూ పోండి. రాత్రి మూడింటికి నిద్రమత్తులో "ఎప్పుడు పోసిందో గుర్తులేదు" అనే అవస్థ తప్పుతుంది, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ కాగితమే సగం సమాధానం చెప్తుంది.

ఉచ్చే అసలు కొలత. 6 గంటల్లో ఒక్కసారైనా పోయాలి, రంగు పల్చగా ఉండాలి. డైపర్ వేస్తే పల్చటి మోషన్‌లో ఉచ్చ కలిసిపోయి తెలియదు, అందుకని ఈ మూడు రోజులు డైపర్ తీసేసి పాత కాటన్ చీర ముక్కలు వాడండి. ఉతుకు ఎక్కువే, ఒప్పుకుంటాను.

నోరు, నాలుక తడిగా ఉన్నాయా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా చూడండి. బొడ్డుకి పక్కన, పొట్ట మీది చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గింది, 2 సెకన్లు దాటినా ముడత అలాగే నిలబడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏడాదిలోపు బిడ్డకి నడినెత్తి మీద మాడు లోపలికి గుంటలా పోయిందేమో కూడా చేతితో తడిమి చూడండి.

ఇవి మాత్రం చేయకండి

మోషన్స్ ఆపే బిళ్ల, అదే పెద్దవాళ్లు ప్రయాణాల్లో వేసుకునే లోపెరమైడ్, పసిపిల్లలకి వేయొద్దు. పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బిపోతుంది, బయట మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా కూడా అంతే, పిల్లల్లో ఎక్కువ బేదులు వైరస్ వల్లే వస్తాయి, వాటికి అది పనిచేయదు.

"పళ్లొస్తున్నాయి, అందుకే" అని వదిలేయడం ఇంకో పెద్ద తప్పు. పళ్లొచ్చే వయసులో పిల్ల కనపడ్డదల్లా నోట్లో పెట్టుకుంటుంది, అసలు సంగతి అది. దిష్టి తీసుకుంటే తీసుకోండి, నేనేం అనను, ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసి వచ్చి మళ్లీ చెంచా పట్టుకోండి.

జ్వరం ఉంటే పారాసిటమాల్ బరువుని బట్టి, కిలోకి 15 మి.గ్రా., 6 గంటల తేడాతో. డ్రాప్స్‌లో మందు సిరప్ కంటే చాలా చిక్కగా ఉంటుంది, డ్రాప్స్‌ని సిరప్ కొలతతో పోసేసినవాళ్లని చూశాను, ఒకటికి రెండుసార్లు సీసా చదవండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ వద్దు, కిడ్నీల మీద పడుతుంది.

ఇవి కనిపిస్తే వెంటనే బయల్దేరండి

- పిల్ల మత్తుగా ఉండి, పిలిచినా సరిగ్గా చూడకపోవడం, ఫిట్స్
- తాగలేకపోవడం, లేదా తాగిన ప్రతిదీ కక్కేయడం
- మోషన్‌లో రక్తం
- 6 నుంచి 8 గంటలుగా ఉచ్చ లేకపోవడం
- బియ్యం కడుగులాంటి నీళ్ల మోషన్స్ ఆగకుండా పోవడం, అది కలరా కావచ్చు, గంటల్లో ఎండిపోతారు
- ఆకుపచ్చ వాంతి, పొట్ట గట్టిగా ఉబ్బడం
- అసలే బక్కచిక్కిన పిల్లైతే, ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించడం మంచిది

108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో పిల్లల డాక్టరు ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్లండి. డబ్బు గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, మన కేజీహెచ్‌లో (విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి) రాత్రిపూట కూడా చూస్తారు. మోషన్స్ 14 రోజులు దాటినా తగ్గకపోతే, పైవేవీ లేకపోయినా డాక్టరు చూడాల్సిందే.

మళ్లీ రాకుండా ఏం చేయాలంటారు. మోషన్ కడిగిన ప్రతిసారీ మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ బట్టల నీళ్లు కాలవలో కాకుండా లెట్రిన్‌లో పోయండి. పాలసీసా మానిపించి గిన్నె, చెంచా అలవాటు చేయండి. బేదులు తెచ్చే రోటావైరస్‌కి టీకా 6, 10, 14 వారాల్లో చుక్కలుగా వేస్తారు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 2016లో దేశంలో ఇది మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, అయినా టీకాల కార్డులో ఆ గడి ఖాళీగా ఉన్న పిల్లలు ఇప్పటికీ కనిపిస్తుంటారు. మీ కార్డు ఇప్పుడే తీసి చూడండి.

తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టండి, తగ్గిన బరువు అలాగే వస్తుంది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ మాత్రం కొన్నాళ్లు ఆగనివ్వండి. అరకో, పెళ్లికో వెళ్తుంటే బ్యాగులో రెండు ప్యాకెట్లు, ఒక ఖాళీ లీటరు బాటిల్, ఒక చెంచా పడేసుకోండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకోండి, లోపల పొడి గడ్డకట్టి గోధుమ రంగుకి తిరిగితే పారేసి కొత్తది తెచ్చుకోండి, మన ఊరి ఉక్కపోతకి అది మామూలే.